ఈ చేప ఎవలింటిది?

సాలవ్వకు బీపీ లేదు, షుగర్ లేదు, అరవై ఐదేళ్లు వచ్చినా మోకాళ్ల నొప్పి కూడా లేదు. ఆమెకున్న జబ్బల్లా ఒక్కటే. మనిషి గాని, మేక గాని, గాలికి కొట్టుకొచ్చిన గొడుగు గాని, ఎదురుపడిందంటే "ఎవలింటిది?" అని అడగాలి. అడగకపోతే ఆమెకు అన్నం సహించదు.

ఆమె కోడలు మానసకు ఈ సంగతి పెళ్లిచూపుల నాడే తెలిసింది. మాచారెడ్డిలో వాళ్లింటికి వచ్చిన సాలవ్వ పిల్లకు వంట వచ్చా, చదువెంత అని ఒక్క మాట అడగలేదు. తల్లి పుట్టిల్లు ఏది, ఆ తల్లి తల్లిది ఏది అని తవ్వుకుంటూ నాలుగు తరాలు వెనక్కి పోయింది. ఆ పైన చెప్పేవాళ్లు లేక, కొట్టంలో కట్టేసిన బర్రె మీద పడింది.

"గీ బర్రె ఎవలింటిది?"

"మాదే వదినా" అంది మానస తల్లి.

"మీదే, ఎవలు కాదన్నరు? మీకాడికి రాకముందు ఎవలింట్ల ఉండె?"

బర్రెది పెద్దకొడప్‌గల్ అని తేలింది. దాన్ని అమ్మినాయన సాలవ్వ మేనత్త ఆడబిడ్డకు కొడుకని కూడా తేలింది. "ఇంకేంది, మనం సుట్టాలమే. పెండ్లి ఎప్పుడు పెట్టుకుందాం?" అంది సాలవ్వ. తన పెళ్లి తనను చూసి కాక బర్రెను చూసి కుదిరిందని మానస ఇప్పటికీ మొగుడు మహేందర్‌ను దెప్పుతుంది. "బర్రె మంచిదే గదా" అంటాడు మహేందర్.

సాలవ్వ కామారెడ్డి బస్సెక్కితే కొత్త కండక్టర్ వచ్చి "ఆధార్ కార్డు చూపియ్యవ్వా" అంటాడు. "చూపిస్త గని, నువ్వెవలింటోనివి బిడ్డా?" అని మొదలుపెడుతుంది. లింగంపేట దాటేసరికి అతని ఇంటిపేరు, తాడ్వాయి వచ్చేసరికి వాళ్లమ్మ మేనమామ పేరు బయటపడతాయి. కామారెడ్డిలో దిగే వేళకు కండక్టర్ ఆమెను "చిన్నమ్మా" అంటుంటాడు. వెనక సీట్లలో జనం టికెట్లు ఇయ్యమని మొత్తుకుంటుంటారు. కార్డు మాత్రం సంచీలోంచి బయటికే రాదు.

ఒకసారి హైదరాబాద్ నుంచి ఎవరో అమ్మాయి మానస నంబరుకు ఫోన్ చేసి, "మేడమ్, మా వెంచర్‌లో ప్లాట్లున్నాయి" అంది. ఫోన్ ఎత్తిన సాలవ్వ ప్లాటు సంగతి వినలేదు. "నువ్వెవలింటిదానివి బిడ్డా?" అంది. ముప్పావుగంట తర్వాత ఆ అమ్మాయి తను ఉండే హాస్టల్లో పప్పు నీళ్లలాగా ఉంటుందని చెప్పి ఏడుస్తోంది. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. ప్లాట్ల మాట ఎత్తదు.

ఎల్లారెడ్డి బస్టాండు దాటాక మలుపులో, నాలుగు రేకుల కింద సాలవ్వ చేపలమ్ముతుంది. అక్కడా ఇదే వరస. ప్రతి చేపకూ ఒక చిరునామా చెబుతుంది. "ఇది నల్లగుండ్ల చెరువు రవ్వ. తూము కాడ పారే నీళ్లల్ల పెరిగింది, కండ గట్టిది. గది కుంట బొచ్చె, బురద మేసింది, జర ఉప్పేసి కడుక్కో." చెప్పినట్టే ఉంటుంది గనుక జనం ఆమె దగ్గరే కొంటారు. కాకపోతే కొన్నవాడు కూడా తన చిరునామా చెప్పి పోవాలి.

ఇలాంటి సాలవ్వకు ఒక చేప జవాబు చెప్పకుండా చుక్కలు చూపించింది.

మాఘమాసం చివర్లో ఒక పొద్దున మహేందర్ చిరిగిన వలను భుజాన వేసుకొని వచ్చాడు. వల చిరగడం కొత్త కాదు. చిరిగిన తీరు కొత్త. ఎవరో పని పెట్టుకొని కూర్చుని బ్లేడుతో కోసినట్టు జానెడేసి చీలికలు. గంపలో నాలుగు రవ్వలు, రెండు బొచ్చెలు, అడుగున నల్లగా మరొకటి ఉంది.

దాని ఒంటినిండా చిరుతపులి మచ్చలు. పొలుసులకు బదులు గట్టి పెంకులు. రెక్కలకు ముళ్లు. నోరు ముందుకు కాక గడ్డం కిందికి ఉంది, గుండ్రంగా. మిగతా చేపలు ఎప్పుడో చచ్చాయి. ఇది మాత్రం నీళ్లు లేకుండా మూడు గంటలైనా నిమ్మళంగా కళ్లు తిప్పుతోంది.

సాలవ్వ పీట ముందుకు జరుపుకొని వంగింది.

"నువ్వెవలింటిదానివే?"

చేప ఏమీ అనలేదు. తప్పిపోయిన మేకలు కూడా ఈ ప్రశ్నకు కనీసం ఇంటివైపు తల తిప్పేవి.

మత్స్యకారుల సొసైటీ అధ్యక్షుడు భూమేశ్ వచ్చి చూశాడు. మనిషి మంచివాడు. గొంతు మాత్రం పెళ్లి బ్యాండుకు పోటీ. "దయ్యం చేప!" అని అరిచాడు. "మొన్న మా వల సుత గిట్లనే చింపింది. ఎవడో మన చెరువు మీద కండ్లు పడ్డోడు ఇడిచిండు. వాడు దొరకాలె, వాని సంగతి చెప్త!"

"దయ్యమంట దయ్యం" అంది సాలవ్వ. "మూతి జూడన్నా, పండ్లూడిన ముసలామె లెక్కుంది. పాపం, తొవ్వ తప్పినట్టుంది."

ఆ వారంలో అలాంటివి పదిహేను పడ్డాయి. వలలు కుట్టుకోవడంతోనే పొద్దు పోతోంది. రవ్వలు తగ్గాయి. ఒక మధ్యాహ్నం వల కుడుతూ మహేందర్ సూది పక్కన పెట్టి, "గిట్లయితే మన బావ లెక్క నేను సుత దుబాయి పోవుడే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, మానస నవ్వలేదు. ఆ చేపను చెరువులో వదిలిన మనిషి కనబడితే నాలుగు దులపాలని అప్పుడే అనుకుంది.

సాలవ్వకు నిద్ర పట్టకపోవడానికి కారణం వేరు. "ఎవలింటిదో తెల్వకుండ ఎట్లనే? రేపు కామారెడ్డి పోదాం. రంగు చేపల దుకాణమోళ్లకు ఎరికుంటది" అంది.

మర్నాడు అత్తాకోడళ్లు పాల క్యాన్‌లో చేపను వేసుకొని బస్సెక్కారు. కండక్టర్ క్యాన్ వైపు అనుమానంగా చూశాడు. "క్యాన్ల ఏముందవ్వా?"

"సుట్టం" అంది సాలవ్వ. "ఎవలి తరఫు సుట్టమో తెలుసుకునేతందుకే పోతున్నం."

కండక్టర్ మూత తీసి చూసి, మళ్లీ పెట్టి, కామారెడ్డి దాకా ఆ వైపు రాలేదు.

రంగు చేపల దుకాణం అబ్రాహాముది. గోడ పొడుగునా గాజు తొట్లు, బుడబుడమని గాలి బుడగలు, ఎర్రవీ పచ్చవీ చేపలు. క్యాన్‌లోకి చూడగానే అబ్రాహాము ముఖం వెలిగింది, చిన్నప్పటి స్నేహితుడు కనబడినట్టు. "సక్కర్ చేప! ఎంత పెద్దగైంది!" అని, ఒక తొట్టిలో గాజుకు అతుక్కున్న చిటికెన వేలంత చేపను చూపించాడు. "ఇదే అవ్వా అది. అద్దం మీది పాచంత నాకుతది. తొట్టి కొన్నోళ్లకు ఒకటి అంటగడుత."

"నీకు ఎవలింటికెల్లి వస్తది?"

"కలకత్తానుంచి."

"కలకత్తాకు?"

మానస ఫోన్‌లో వెతికి చెప్పింది. "దీనిది దక్షిణ అమెరికా అత్తమ్మా. అమెజాన్."

"అమెజానంటే డబ్బాలు తెచ్చిచ్చేటోళ్లు గాదా?"

"కాదు, నది. మన మంజీర లెక్కనే, గని అద్దరి కనబడదంట. అక్కడ దీన్ని తినే పెద్ద చేపలు, మొసళ్లు ఉంటయంట. ఇక్కడ దీని జోలికి వచ్చేటిదే లేదు. కట్టకు బొక్కలు పెట్టి గుడ్లు పెడ్తదంట."

సాలవ్వ క్యాన్‌లోకి వంగి చూసింది. "గంత దూరం ఇచ్చిండ్రా బిడ్డను!" అంది. "మంచిచెడ్డ అరుసుకునేటోళ్లు ఒక్కలు సుత లేకపోయిరి."

తర్వాత అబ్రాహాము వైపు తిరిగింది. "చిటికెన వేలంతున్నది మూరెడైతదని కొనేటోళ్లకు చెప్పినవా బిడ్డా?"

"ఎవలూ అడగలేదవ్వా."

"నేను అడుగుతున్న."

అబ్రాహాము మెడ గోక్కున్నాడు. ఆ గంటలో సాలవ్వ అతని తాతల ఊరు, అతని భార్య పుట్టిల్లు తెలుసుకుంది. ఎల్లారెడ్డిలో తొట్లు కొన్నవాళ్లెవరో కూడా తెలుసుకుంది. అత్తాకోడళ్లు బయల్దేరేటప్పుడు అబ్రాహాము ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'సక్కర్ మూరెడు పెరుగుతుంది, వద్దనుకుంటే నాకే తిరిగివ్వండి, చెరువులో వదలొద్దు' అని రాసి తొట్టికి అతికిస్తున్నాడు. "ఇస్తే తీసుకుంటవా మరి?" అని సాలవ్వ గుమ్మంలోంచి అడిగింది. వెనక సిమెంటు తొట్టి ఉందన్నాడు. క్యాన్‌లోని చేప అక్కడే దిగిపోయింది.

ఎల్లారెడ్డిలో మొదటి ఇల్లు, ఇల్లు కాదు, ప్రవీణ్ సెలూన్. అద్దం పక్కనే గాజు తొట్టి ఉంది. అందులో నీళ్లు లేవు. దువ్వెనలు ఉన్నాయి.

"చేపలేవి బిడ్డా?"

"సచ్చిపోయినయవ్వా."

సాలవ్వ ఖాళీ కుర్చీలో కూర్చుంది. ప్రవీణ్ ఒకరికి గడ్డం గీశాడు. ఇంకొకరికి కటింగ్ చేశాడు. సాలవ్వ కదలలేదు. అద్దంలో అతని కళ్లకు ఆమె కళ్లు తగులుతూనే ఉన్నాయి. మూడో మనిషి సగం గడ్డం నురుగులో ఉండగా ప్రవీణ్ కత్తి కింద పెట్టేశాడు.

"సావలేదవ్వా! పెద్దగైంది. తోక బయటికొస్తుండె. సంపబుద్ధి గాలే. తెల్లారంగ బకెట్ల తీస్కపోయి చెరువుల ఇడిచిన. దండం సుత పెట్టిన. ఒక్కటే అవ్వా! ఒక్క చేపతోని ఏమైతది?"

రెండో ఇల్లు రిటైరైన లెక్కల మాస్టారు యేసుబాబు సారుది. ఆయన అడగకముందే ఒప్పుకొని, కాగితం మీద లెక్క వేసి చూపించాడు. చెరువు ఇన్ని ఎకరాలు, చేప పొడవు ఇంత, కనుక చేప వల్ల చెరువుకు కలిగే మార్పు సున్నాకు చాలా దగ్గర. "ఒక్కటే కదా సాలవ్వా" అన్నాడు.

"సారూ, ఇంకొకలు సుత ఒక్కటే ఇడిస్తే?" అంది మానస ఉండబట్టలేక.

సారు కాగితం వైపు చూశాడు. పెన్ను మూత పెట్టాడు. "అది లెక్కలోకి తీసుకోలేదమ్మా" అన్నాడు చిన్నగా.

మూడో ఇల్లు, నాలుగో ఇల్లు, ఐదో ఇల్లు. అందరిదీ ఒకే మాట. ఒక్కటే. ఒక్కటే అవ్వా. ఒట్టు, ఒక్కటే. మానస ఫోన్‌లో పేర్లు రాసుకుంటూ పోతోంది, కోపం పెంచుకుంటూ పోతోంది.

ఎనిమిదో ఇంట్లో అనూహ్య ఉంటుంది. పెళ్లయిన మూడు నెలలకే మొగుడు దుబాయి వెళ్లాడు. పోయేముందు తోడుగా ఉంటుందని తొట్టి కొనిచ్చాడు. "నేను అన్నం తింటుంటే అది ఆడ అద్దానికి అతుక్కొని నా మొకమే చూసేది" అంది అనూహ్య. "మస్తు పెద్దగైంది, తిరగనీకి జాగ లేదు. పెద్ద నీళ్లల్ల దానికి తోడు దొరుకుతదనుకున్నా. తప్పా అక్కా?"

ఆమెను నాలుగు దులపాలని గుమ్మం ఎక్కిన మానస, ఆమె ఇచ్చిన చాయ తాగి, కప్పు కడిగి పెట్టి బయటికి వచ్చింది. పేరు మాత్రం రాసుకుంది.

పదకొండో ఇంటి ముందు మానస ఆగిపోయింది. "అత్తమ్మా, ఇది భూమేశ్ మామ ఇల్లు."

"ఎవలదైతేంది? తొట్టి కొన్నరు గదా."

భూమేశ్ ఇంట్లో లేడు. ఆయన భార్య లక్ష్మీనర్సమ్మ తలుపు తీసి సాలవ్వను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మనవరాలి పుట్టినరోజుకు కొన్న తొట్టి అట. మోటారు చప్పుడుకు నిద్ర పడతలేదని, "గా చేపను ఏడనన్న పారెయ్యి" అని భూమేశే కేకలేశాడట. "ఏడ పారెయ్యాలె చెప్పు? పానమున్నదాన్ని పెంటమీద ఎయ్యబుద్ధి గాలే. మన చెరువే గదా అని ఇడిచిన. ఒక్కటే వదినా. ఆయనకు తెల్వదు. తెలిస్తే ఇంట్ల ఉండనియ్యడు" అని ఆమె సాలవ్వ చేతులు పట్టుకుంది.

దారిలో మానస లెక్క చెప్పింది. "పదకొండు ఇండ్లత్తమ్మా. అందరు ఒక్కటే అన్నోళ్లే. రేపు సొసైటీ మీటింగుల అందరి పేర్లు చెప్పాలె. వలలు కుట్టి కుట్టి నీ కొడుకు వేళ్లు ఎట్లయినయో చూసినవా?"

దారిలో ఒక కోడిపిల్ల అడ్డం వచ్చింది. సాలవ్వ దాన్ని ఏమీ అడగలేదు. మానసకు భయమేసింది.

సొసైటీ మీటింగు చెరువు కట్ట కింద రేకుల షెడ్డులో, పొద్దున తొమ్మిదింటికి. విషయం ఊరందరిదీ అయింది గనుక ఊరందరూ వచ్చారు. ప్రవీణ్ వచ్చాడు. యేసుబాబు సారు వచ్చాడు. ఆడవాళ్ల వెనక వరసలో అనూహ్య, ఆమె పక్కన నేల చూస్తూ లక్ష్మీనర్సమ్మ. భూమేశ్ లేచి నిలబడ్డాడు. మైకు పెట్టారు గాని, ఎవరూ ఆన్ చేసే అవసరం రాలేదు.

"నలభై ఇండ్ల పొయ్యి ఈ చెరువు మీద మండుతది! దాంట్ల దయ్యాన్ని ఇడిచినోడు ఎవడైనా సరే, పేరు బయటపడాలె. బజార్ల నిలబెడ్త. వానింటికి చేప కాదు గదా, చేప ముల్లు సుత పోనియ్య!" చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా ప్రవీణ్ కొట్టాడు. "సాలవ్వా, నువ్వు ఇల్లిల్లు తిరిగినవంట. లే. చెప్పు. ఎవలింటిది?"

ఊళ్లో ప్రతి బర్రె నాయనమ్మ పేరు కూడా తెలిసిన మనిషి లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. పైకప్పు రేకులు చూసింది.

"యాదికి లేదన్నా" అంది.

"ఏంది?"

"యాదికి లేదు. అరవై ఐదేండ్లొచ్చినయి. మర్చిపోనా?"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో వెనకనుంచి, "అవ్వను దవఖానకు తీస్కపోండ్రి" అన్నారు మనస్ఫూర్తిగా. భూమేశ్ నమ్మలేక మానస వైపు తిరిగాడు. "నువ్వు ఎంబడున్నవ్ గదా బిడ్డా. చదువుకున్నదానివి. నువ్వు చెప్పు."

మానస చేతిలో ఫోన్ ఉంది. పదకొండు పేర్లూ అందులోనే ఉన్నాయి. రాత్రంతా ఈ క్షణం కోసమే ఎదురుచూసింది. అత్త వైపు చూసింది. సాలవ్వ ఇంకా రేకులే చూస్తోంది. వెనక వరసలో అనూహ్య పెదవి కొరుక్కుంటోంది. లక్ష్మీనర్సమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

"ఫోన్ల రాసిన మామా" అంది మానస. "చార్జింగ్ అయిపోయింది."

ఆ మాట అనగానే ఆ ఫోన్ మోగింది. ప్లాట్ల అమ్మాయి. ఆ రోజు ఆదివారం. మానస దాన్ని గబుక్కున చీర కుచ్చిళ్ల మీద బోర్లించి, ముఖం తుడుచుకుంది. ఎందుకో గాని, మోత విన్నవాళ్లలో పదకొండు మంది మాత్రం ఒకేసారి దగ్గారు.

"ఎవలింటిదని కొట్లాడితే వలలు అతుక్కుంటయా?" అంది సాలవ్వ గొంతు పెంచి. "నిన్న మత్స్యశాఖ ఆఫీసు పిల్లకు ఫోన్ చేస్తే చెప్పింది, ఎండకాలం నీళ్లు తగ్గినప్పుడు పట్టుకుంటేనే పని జరుగుతదట. వానలు పడ్డంక గుడ్లు పెడ్తయట. కట్ట బొక్కలన్ని తవ్వాలె. సొసైటోళ్ల చేతులు సాలవు. ఎవలకు మనసుంటే వాళ్లు రాండ్రి. నేను పేర్లు రాసుకోను."

మే నెల చివరి వారం. నల్లగుండ్ల చెరువులో నీళ్లు మోకాలి లోతుకు దిగాయి. మహేందర్ వాళ్లు పొద్దున్నే వలలతో దిగేసరికి కట్ట మీద జనం ఉన్నారు. ప్రవీణ్ సెలూన్ మూసి, ఇద్దరు కస్టమర్లను కూడా వెంటబెట్టుకొచ్చాడు. యేసుబాబు సారు ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, తెల్లటి కాళ్లతో బురదలో దిగి, ఒక్కో బొక్కకూ నంబరు వేస్తున్నాడు. అనూహ్య గంప మోస్తోంది. లక్ష్మీనర్సమ్మ కాసె పోసి కట్టుకుని, గడ్డపారతో కట్ట అంచు తవ్వుతుంటే పక్కనున్న మగవాళ్లు తప్పుకొని దారి ఇచ్చారు.

భూమేశ్‌కు కళ్లు చెమ్మగిల్లాయి. "జూసినవా మహేందర్! వాళ్ల చెరువు కాదు, పైసా లాభం లేదు, అయినా ఎంతమందొచ్చిండ్రో! మా ఆడది జూడు, ఇంట్ల గ్లాసు సుత లేపది!"

మహేందర్‌కు అంతా తెలుసు. మానస ఇంట్లో చెప్పేసింది. అతను వల చాటున ముఖం దాచుకొని, "అవ్ మామా, మస్తు ప్రేమ చెరువంటే" అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఒక్కొక్కరూ ఏదో వంకతో సాలవ్వ దగ్గరికి వచ్చి పోయారు. "నా ఒక్కని పేరు కాపాడినవ్ అవ్వా, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు ప్రవీణ్ చెవిలో. కాసేపటికి సారు కూడా దాదాపు అదే మాట అన్నాడు, కొంచెం మంచి తెలుగులో. ఆ వెనక ఇంకొకరు. ప్రతివాళ్లకూ తాము ఒక్కరే దొంగలమని గట్టి నమ్మకం. చెరువులో తమ పక్కన తవ్వుతున్న పుణ్యాత్ములను చూసి సిగ్గుపడుతూ ఇంకా గట్టిగా తవ్వుతున్నారు. సాలవ్వ అందరికీ ఒకటే జవాబు చెప్పింది. "ఏ పేరు బిడ్డా? నాకేం యాదికి లేదు."

సాయంత్రానికి లెక్కేస్తే సక్కర్లు నూట అరవై పైన తేలాయి. మత్స్యశాఖ అమ్మాయి చెప్పినట్టు గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చారు. ఆ పని జరుగుతున్నప్పుడు సాలవ్వ అటు చూడలేదు. "వాటి తప్పేమున్నది" అని మాత్రం అంది.

ఇంటికి నడుస్తూ మానస అడిగింది. "నాకొక్కటి చెప్పత్తమ్మా. దారిన పోయే కోడిని సుత ఇడిచిపెట్టవు. ఊరందరి ఇండ్లు తవ్వి తవ్వి అడుగుతవు. తీరా చెప్పే యాళ్లకు ఎందుకు చెప్పకపోతివి?"

"ఎవలింటిదని అడిగేది ఇంటికి చేర్చేతందుకు బిడ్డా, బజార్ల నిలబెట్టేతందుకు కాదు" అంది సాలవ్వ. అని, అంతటితో ఆ సంగతి వదిలేసి, బురద పట్టిన తన చెప్పు ఒకటి ఎక్కడ జారిపోయిందో వెతకడంలో పడింది.

అన్ని చేపలూ పోయాయని కాదు. వానలు పడ్డాక కూడా వలలో అప్పుడొకటి ఇప్పుడొకటి పడుతూనే ఉన్నాయి. కాని మహేందర్ వలలు కుట్టడం వారానికి ఒక పూటకు తగ్గింది. దుబాయి మాట ఎత్తలేదు.

సాలవ్వ రేకుల కింద చేపల గంప పక్కన ఒక నీలం ప్లాస్టిక్ టబ్బు వచ్చి చేరింది. ఇంట్లో పెరిగిపోయిన రంగు చేపలు ఉంటే అందులో వేసి పోవచ్చు. గురువారం గురువారం మానస వాటిని కామారెడ్డి తీసుకెళ్లి అబ్రాహాము సిమెంటు తొట్టిలో దింపి వస్తుంది. ఎవరైనా టబ్బు దగ్గరికి వస్తే సాలవ్వ వీపు తిప్పుకొని కూర్చుంటుంది. ఆ కాసేపూ ఆమె పెదవులు గట్టిగా బిగబట్టుకోవడం చూస్తే, చిన్నపిల్ల చేదు మాత్ర మింగుతోందా అనిపిస్తుంది.

ఏడాది తిరిగాక, ఒక గురువారం పొద్దున భూమేశ్ వచ్చాడు. బ్యాండు గొంతు మనిషి గుసగుసగా మాట్లాడుతున్నాడు. చంకలో తువ్వాలు చుట్టిన రెండు గిన్నెల టిఫిన్ క్యారియర్. అటూ ఇటూ చూసి పై గిన్నె మూత తీశాడు. అందులో జానెడు సక్కర్, నున్నగా, బొద్దుగా, కాలు మీద కాలు వేసుకున్నంత నిమ్మళంగా ఉంది. చెరువు తవ్విన రోజు గొయ్యిలోకి పోవలసిన చిటికెన వేలంత పిల్ల ఒకటి భూమేశ్ ఇంటి తొట్టికి చేరిందని మానసకు అప్పుడు అర్థమైంది.

"మాది కాదు" అన్నాడు భూమేశ్. "తొవ్వల దొరికింది."

సాలవ్వ అప్పటికే వీపు తిప్పుకొని ఉంది. చేప టబ్బులోకి జారింది. భూమేశ్ పోలేదు. నిలబడి, తువ్వాలు నాలుగుసార్లు మడిచి, కింది గిన్నె మూత కూడా తీశాడు. దాన్నిండా కీరదోసకాయ ముక్కలు. చెక్కు తీసి, గింజలు తీసి, పల్చగా, గుండ్రంగా కోసినవి.

"ఇవి?" అంది మానస.

భూమేశ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇవి సుత తొవ్వలనే దొరికినయి బిడ్డా" అన్నాడు. "జర మెల్లగ, ఒక్కొక్కటే వెయ్యుమని చెప్పు ఆ అబ్రాహాముకు. ఒక్కసారే ఏస్తే అలుగుతది."